మోగని గంటలు

విజయనగరంలో ఒక కూడలి పేరే మూడు లాంతర్లు. ఆ ఊళ్లోనే ఒక ఆదివారం పొద్దున్న మా పెదనాన్నతో కలిసి ఓ ఏసీ టిఫిన్ హోటల్‌కి వెళ్లాను. కింద అద్దంలా మెరిసే టైల్సు, గోడలకు నున్నటి పుట్టీ, పైన స్లాబు, వీధివైపు నిలువెత్తు గాజు. నలభై మంది తింటున్నారు. నాలుగు వందల మంది మాట్లాడుతున్నట్టుంది.

ప్లేట్లు మోసుకొచ్చిన కుర్రాడితో పెదనాన్న, "ఇడ్లీ ఇక్కడెట్టి, వడ అటియ్యి" అన్నారు. కుర్రాడు తలూపి వెళ్లాడు. కాసేపటికి పొగలు కక్కుతూ అట్టు వచ్చింది.

"అట్టెవుడు అడిగినాడ్రా?"

"మీరే కదేటండి, అట్టియ్యమన్నారు!"

అందరం నవ్వుకుని ఆ అట్టూ తినేశాం. తప్పు కుర్రాడి చెవిది కాదు, పెదనాన్న నోటిదీ కాదు. గదిది. అటు, అట్టు అనే రెండు మాటలకూ తేడా ఎక్కడుందో పలికి చూసుకోండి. 'ట' పలికేముందు నాలుక అంగిటికి తగిలి గాలిని ఆపుతుంది. ఆ ఆగినంతసేపూ శబ్దం లేదు. ఒంటి 'ట'కు ఆ మౌనం పొట్టిది, ద్విత్వానికి పొడుగుది. అంటే తెలుగులో ఒత్తు సగం శబ్దంతోనూ సగం నిశ్శబ్దంతోనూ తయారవుతుంది. సెకనులో ఐదో వంతు కూడా ఉండని ఆ నిశ్శబ్దంలోకి ముందు పలికిన 'అ' తోకా, పక్క బల్ల మీది నవ్వూ, స్టీలు గ్లాసు చప్పుడూ వచ్చి దూరితే, వినేవాడికి అది పొట్టిదో పొడుగుదో తెలియదు. ఇక ఊహించుకోవడమే. టిఫిన్ హోటల్లో పనిచేసేవాడు అట్టునే ఊహిస్తాడు.

బళ్లో చదువుకున్న ప్రతిధ్వని పాఠం గుర్తుందా? అరిస్తే కేక విడిగా తిరిగి వినబడాలంటే ఎదురుగా ఉన్న గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలని చెప్పేవారు. హోటల్ గది అంత పెద్దది కాదు. అక్కడ జరిగేది ప్రతిధ్వని కాదు, ప్రతినాదం. మాట నోట్లోంచి బయటపడి గోడకు కొట్టుకుంటుంది, స్లాబుకు తగులుతుంది, టైల్సు మీద నుంచి మళ్లీ పైకి లేస్తుంది. ఒక సెకనులో 340 మీటర్లు పోగల ధ్వని ఆ కాస్త గదిలో సెకనుకు ఎనభై సార్లకు పైగా తలబాదుకుంటుంది. ఈ దెబ్బలన్నీ విడివిడిగా వినబడవు. ఒకదాని మీద ఒకటి పడి, మాటకు ఒక తోకలా మిగులుతాయి.

తెల్ల సున్నం వేసిన గోడ మీద పడ్డ వెలుతురులో సుమారు ఐదో వంతు గోడే మింగేస్తుంది. అదే గోడ మీద పడ్డ శబ్దంలో నూటికి రెండు మూడు పాళ్లే మింగుతుంది. కంటికి సాదాగా కనిపించే గోడ చెవికి అద్దమన్న మాట. ఆరు వైపులా అద్దాలున్న పెట్టెలో కూర్చుని ఉప్మా తింటున్నాం మనం.

ఈ తోకను మొదటిసారి లెక్కలో పెట్టినవాడు వాలెస్ క్లెమెంట్ సబీన్. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కుర్ర అధ్యాపకుడు. 1895లో అక్కడ ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో చెప్పే పాఠం ఎవరికీ అర్థం కావడంలేదు, ఏదైనా చూడమన్నారు. పక్కనున్న శాండర్స్ థియేటర్ కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి, గదిలో కొన్ని కొన్నిగా పరిచి, ఒక ఆర్గన్ గొట్టం ఊది, ఆపి, శబ్దం పూర్తిగా చచ్చేదాకా ఎంతసేపు పడుతుందో గడియారం పట్టుకుని చూశాడు. తెల్లారేలోగా మెత్తలు మళ్లీ థియేటర్‌కు చేరాలి. ఖాళీ గదిలో ఆ తోక ఐదున్నర సెకన్లుంది. మెత్తలు పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చింది. తన ఒంటి మీది బట్టలు మారినా ఫలితం మారుతోందని కనిపెట్టి, పాత కొలతలు పక్కన పడేసి, అప్పట్నుంచీ ప్రయోగానికి రోజూ ఒకే జత తొడుక్కుని వెళ్లాడట. శాస్త్రవేత్తల మొండితనం గురించి చెప్పాలంటే నాకు ముందు ఈ కోటూ పంట్లామే గుర్తొస్తాయి. ఆ లెక్క ఆధారంగానే బోస్టన్ సింఫనీ హాలు కట్టారు, 1900లో తెరిచారు. సబీన్ 1919 జనవరిలో పోయాడు. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైందీ ఆ ఏడాదే. రెంటికీ సంబంధమేమీ లేదు. మైకు లేకుండా ఆరుబయట వేల మందికి హరికథ వినిపించిన కంఠమూ, గది గోడలను వినిన చెవీ ఒకే కాలానివని చెప్పాలనిపించింది, అంతే.

సబీన్ లెక్క చాలా చిన్నది. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 0.16తో గుణించి, గదిలో శబ్దాన్ని మింగే వస్తువుల మొత్తంతో భాగించాలి. వచ్చేది సెకన్లు. శబ్దం తన శక్తిలో పదిలక్షో వంతుకు పడిపోవడానికి పట్టే కాలం. మరి మింగడాన్ని దేనితో కొలవాలి? ఇక్కడే సబీన్ తెలివంతా కనిపిస్తుంది. తెరిచిన కిటికీని కొలతగా పెట్టుకున్నాడు. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం మళ్లీ తిరిగిరాదు కాబట్టి, ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ పూర్తిగా ఒక చదరపు మీటరు మింగినట్టు. మిగతా వస్తువులన్నీ దానిలో ఎన్నో వంతు అన్న లెక్కే. ఏసీ పెట్టిన రోజున మనం మూసేసింది ఆ కొలబద్దనే.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చుట్టిల్లు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద శంకువులా లేచిన కప్పు, తాటాకో గడ్డో దట్టంగా నేసి, చూరు నడుముదాకా దించి కడతారు. వంగి లోపలికి వెళ్లాలి. వెళ్లిన మరుక్షణం చెవికి ఏదో తెలుస్తుంది. బయటి కాకిగోల తగ్గినట్టూ, మన మాట మనకే దగ్గరగా వచ్చినట్టూ ఉంటుంది. నిజానికి గుండ్రటి గోడ శబ్దానికి మంచిది కాదు, పుటాకార దర్పణం వెలుగును పోగేసినట్టు మాటను ఒకచోట కుప్పపోస్తుంది. కానీ ఆ మాట పైకి లేచిందంటే గడ్డిలోకి పోయినట్టే. జానెడు మందాన లక్షల పరకలు, వాటి మధ్య సందులు. చుట్టింట్లో ముసలమ్మ గుసగుసగా చెప్పిన కథ పిల్లలందరికీ వినబడిందంటే ఆ గొప్ప సగం కప్పుది.

ఆ ఇళ్లను చూసి నిట్టూర్చడం నాకు ఇష్టం లేదు. వేసవిలో ఒక నిప్పురవ్వకు వాడలకు వాడలు బూడిదయ్యేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఏం చేసి పోయాయో ఈ రెండు జిల్లాలకూ తెలుసు. స్లాబు పోసుకున్నవాళ్లు ప్రాణం నిలబెట్టుకోవడానికే పోసుకున్నారు. తాటాకుతో పాటు చెవికి సుఖమూ పోయిందని అప్పుడెవరూ లెక్కేసుకోలేదు. గృహప్రవేశం నాడు ఖాళీ హాల్లో పిల్లలు కేకలు పెట్టి, గది తిరిగి కేకేస్తుంటే మురిసిపోయారు. సామాను చేరాక ఆ కేక కొంత తగ్గింది. హోటళ్లలో, కల్యాణమండపాల్లో, బళ్లలో సామాను కూడా ఇనుమూ ప్లాస్టిక్కే కనుక తగ్గలేదు.

ఈ ఇబ్బందికి పెద్ద పట్నాల్లో ఇప్పుడు ఫ్యాషనైన మందు వేలాడే దీపం. బల్ల మీద రెండున్నర మూడడుగుల ఎత్తున గంటలాగానో గొడుగులాగానో వేలాడుతుంది. లోపల ఎల్‌ఈడీ. పైతొడుగు మాత్రం గాజు కాదు, ఇత్తడి కాదు, దట్టమైన పీచుతో అదిమిన ఫెల్ట్. తాగి పారేసిన నీళ్ల సీసాల ప్లాస్టిక్‌ను కరిగించి, దారాలుగా తీసి, ఒత్తి చేసిన ఫెల్టే ఎక్కువ. ఇటలీలో లూచెప్లాన్ సంస్థ కోసం మోనికా అర్మానీ గీసిన సిలెంజియో అనే దీపానికి క్వాద్రాత్ వారి ఉన్ని బట్ట తొడిగారు. సిలెంజియో అంటే నిశ్శబ్దమనే. అదే దేశపు ఆర్తెమీదే కూడా ఎగ్‌బోర్డ్ పేరుతో కోడిగుడ్ల అట్టను పోలిన పలక దీపాలు చేస్తుంది. వెలుగునిస్తాయి, శబ్దాన్ని తింటాయి. ధర ఇక్కడ చెప్పను, అట్టు అరగదు.

ఎలా తింటాయి? శబ్దమంటే గాలి కణాలు ముందుకూ వెనక్కూ ఊగడమే. ఆ ఊపు ఫెల్ట్‌లోకి చొరబడితే వెంట్రుకలంత సందుల్లో గాలి పీచును రాసుకుంటూ కదలాలి. రాపిడికి ఊపు చచ్చి, వేడిగా మారుతుంది. ఎంత వేడి? గదంతా అరిచినా దీపం వెచ్చబడిందని చేతికి తెలియనంత. మాటలో ఉండే శక్తి అంత తక్కువ. చెవి అంత సున్నితం కాబట్టే మనం దాన్ని గోల అంటున్నాం. పీచు ఎంత సన్నమైతే రాపిడి అంత ఎక్కువ. పొందూరులో నేత ఖద్దరు కోసం కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దువ్విన దూదిని దారం తియ్యబోయే ముందు చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. శబ్దం దృష్టిలో అదే ఉత్తమ స్థితి. వడికి, నేసి, గంజి పెట్టి పల్చటి బట్ట చేశాక శబ్దం దానిలోంచి దాటిపోతుంది.

గోడకు అతికించిన పలకకంటే గాలిలో వేలాడే తొడుగుకు ఒక లాభముంది. గోడను ఆనుకుని గాలి కదల్లేదు. కదలని చోట రాపిడి ఉండదు. గోడకు దూరంగా, గది మధ్యలో వేలాడేదానికి గాలి బాగా ఊగుతుంది, పైగా లోపలి ముఖమూ బయటి ముఖమూ రెండూ పనిచేస్తాయి. అసలు ఇది ఎల్‌ఈడీ పుణ్యం. పాత గుండ్రటి ఫిలమెంటు బల్బు 60 వాట్లు తాగి, అందులో నూటికి తొంభైకి పైగా వేడిగానే కక్కేది. దాని చుట్టూ పీచు తొడుగు కడితే కొంపంటుకునేదే. ఇప్పుడు 9 వాట్లతో అదే వెలుగు.

సరే, మన హోటల్ గదికి లెక్క వేద్దాం. పొడవు 10 మీటర్లు, వెడల్పు 8, ఎత్తు మూడున్నర అనుకోండి. ఘనపరిమాణం 280. దాన్ని 0.16తో గుణిస్తే 45. నేల, స్లాబు, గోడలు కలిపి 286 చదరపు మీటర్లు. నూటికి మూడు పాళ్లు మింగుతాయనుకుంటే మొత్తం ఎనిమిదిన్నర. 45ను దానితో భాగిస్తే ఖాళీ గదిలో తోక ఐదు సెకన్లు దాటుతుంది. సబీన్‌కు అప్పజెప్పిన గదికి ఇది కవలపిల్ల. ఇందులో సగం బల్లలు నిండి ఇరవైమంది కూర్చుంటే, మనిషికి దాదాపు అర చదరపు మీటరు చొప్పున మరో తొమ్మిది కలుస్తుంది. బట్టలూ జుట్టూ మింగేది అంత. తోక రెండున్నర సెకన్లకు దిగుతుంది.

ఇప్పుడు రెండడుగుల వ్యాసమూ అడుగుంబావు ఎత్తూ ఉన్న ఫెల్ట్ దీపాలు పన్నెండు వేలాడదీద్దాం. ఒక్కోటి ముప్పావు చదరపు మీటరు మింగుతుందనుకుందాం, అది ఉదారంగా వేసిన అంకే. మొత్తం తొమ్మిది. అంటే పన్నెండు దీపాలు మాట్లాడకుండా కూర్చున్న ఇరవైమంది మనుషులతో సమానం. తోక ఒకటీ ముప్పాతిక సెకన్లకు వస్తుంది. మాట హాయిగా అర్థం కావాలంటే సెకనుకు కాస్త అటూ ఇటూ ఉండాలి. ఇంకా చాల్లేదు. అదే, స్లాబు కింద సగం మేర, 40 చదరపు మీటర్లు, నూటికి డెబ్బై పాళ్లు మింగే పలకలు బిగిస్తే దీపాలు లేకుండానే సెకనుకు దిగిపోతుంది. నాలుగు కిటికీలు బార్లా తెరిస్తే దాదాపు ఎనిమిది దీపాల పని జరుగుతుంది, కానీ మెయిన్ రోడ్డు హారన్లు ఉచితం.

కాబట్టి నా తీర్పు ఇదీ. దీపం ఒక్కటే గదిని బాగుచెయ్యదు. కానీ దీపం ఎలాగూ కొంటాం. గాజుదో ఇనుపదో కొంటే అది మరో అద్దం. పీచుది కొంటే అదే చోట, అదే తీగకు, కొంత మింగే నోరు దొరుకుతుంది. పైగా అది వేలాడేది సరిగ్గా నోళ్ల మీదే, మాట పుట్టిన చోటే. మరో లాభం లెక్కలో రానిది. 1911లో ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి చెవి వైద్యుడు రాశాడు, చుట్టూ గోల పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. పక్కబల్లవాడు దాన్ని మించి పెంచుతాడు. ఈ పోటీ ఎక్కడో ఒకచోట ఆగితే చాలు, అందరి గొంతూ దిగుతుంది. లెక్క ప్రకారం దీపాలు తగ్గించే గోల రెండు డెసిబెల్సే. మనుషులు తగ్గించుకునేది దానికి అదనం.

ఇవి చెయ్యలేనివీ ఉన్నాయి. అర అంగుళం ఫెల్ట్ 'స', 'ట', 'క' లాంటి పదునైన శబ్దాలను బాగా తింటుంది. రెండు వేల హెర్ట్జ్ తరంగం పొడవు జానెడు లోపే. డీజే పెట్టెలోంచి వచ్చే 125 హెర్ట్జ్ గుబగుబ తరంగం తొమ్మిదడుగులు. అది ఫెల్ట్ దీపాన్ని గాలిపటంలా కూడా లెక్కచెయ్యదు. గది బయటి శబ్దాన్ని లోపలికి రాకుండా ఆపడమూ దీనివల్ల కాదు. దానికి బరువైన గోడా, సందుల్లేని తలుపూ కావాలి. లోపలి గోల తినడం వేరు, బయటి గోల ఆపడం వేరు. అమ్మేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

సరుకు కోసం ఇటలీ దాకా పోనక్కర్లేదన్నది ఇంకో మాట. గోగు మన రెండు జిల్లాల పంట. ఆకు గోంగూరగా కంచంలోకీ, కాడ నారగా మిల్లుకూ పోతుంది. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గోగు రకాల మీద పనిచేశారు. కోసిన కట్టలను చెరువులో రెండు మూడు వారాలు నానబెడితే, కాడకూ నారకూ మధ్య బంక కుళ్లి, చేత్తో లాగితే బారెడు పట్టీలుగా ఊడొస్తుంది. ఆ రోజుల్లో చెరువు గట్టున నడిచినవాడికి ఆ వాసన జన్మంతా గుర్తుంటుంది. నెల్లిమర్ల లాంటి జూట్ మిల్లులు ఈ నారను సంచులు చేసేవి. ప్లాస్టిక్ సంచి వచ్చి మిల్లులు చిక్కిపోయాక నారకు ధర లేదు. ఉద్దానంలో కొబ్బరి పీచు కుప్పలున్నాయి. జనపనార ఫెల్టూ, పీచు పరుపూ శబ్దాన్ని బాగానే తింటాయి. గోనెపట్టా నాలుగు మడతలు వేసి మూల బిగిస్తే కూడా తేడా చెవికి తెలుస్తుంది. నారకు రెండు జబ్బులు మాత్రం ఉన్నాయి. అంటుకుంటుంది, చెమ్మ పీలుస్తుంది. అగ్గి పట్టకుండా మందు పట్టించకపోతే దీపానికి వాడకూడదు. పైపెచ్చు అందంగా ఉండాలని పైన ఎనామిల్ పెయింటు కొడితే సందులు పూడి, అది మళ్లీ గోడే.

శ్రీకాకుళం జిల్లా సారవకోట దగ్గర బూడితి అనే ఊరుంది. ఇత్తడీ కంచూ పనికి పేరు. అక్కడ ఒక కంచు గంటను వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాను ఓసారి. వేలు తీసేశాక కూడా చాలాసేపు సన్నగా పాడుతూనే ఉంది. కంచులో రాపిడి తక్కువ, ఊపు చావదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఏకాండి వీణ కోసం పనసదుంగను తొలిచేదీ ఊపు చావకుండా ఉండడానికే. అదే గంట ఆకారం పీచుతో చేస్తే, కొట్టినా "టప్" అని ఊరుకుంటుంది. ఆకారం ఒకటే, పని ఎదురుబొదురు. బూడితి ఇత్తడి లోపల పళ్లెంలా ఉండి వెలుగును కిందికి నెట్టి, నార తొడుగు బయట ఉండి మాటను మింగితే ఎలా ఉంటుందా అని నాకొక ఊహ. ఫెల్ట్ ముదురు రంగైతే వెలుగును కూడా తినేస్తుంది కనుక లోపల అలాంటి మెరుపు అవసరం కూడా.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది, యూరప్ బొమ్మల్లో కనిపించనిది. సీలింగ్ ఫ్యాను. దీపం ఫ్యాను రెక్కలకన్నా పైన ఉంటే గదంతా వెలుగు గబగబా ఆరి వెలుగుతుంది, తలనొప్పి. కింద పక్కగా ఉంటే గాలికి ఊగుతుంది. కొక్కెం ఒక్కటి చాలదు, తీగతో పాటు సన్నటి స్టీలు తాడు కట్టించాలి. వంటింటి దగ్గరైతే జిడ్డు పట్టి ఫెల్ట్ ఆరు నెలల్లో నల్లబడుతుంది. వాక్యూమ్‌తో లాగించగలిగే చోటే పెట్టుకోవాలి.

కొనేవాళ్లకు ఒక్క మాట. దీపం "శబ్దాన్ని పీలుస్తుంది" అని అమ్మేవాడు చెబితే, 250, 500, 1000, 2000 హెర్ట్జ్ దగ్గర ఎంత పీలుస్తుందో ప్రయోగశాల పట్టిక చూపించమనండి. మంచి తయారీదారుల దగ్గర ఆ కాగితం ఉంటుంది. చూపించలేకపోతే దానికి మామూలు దీపం ధరే ఇవ్వండి.